ఫిబ్రవరి నార్తర్న్ లైట్స్ గ్రూప్ ట్రిప్: తరచుగా అడిగే ప్రశ్నలు

వాట్సాప్‌లో ఒకే ప్రశ్న రోజుకు నాలుగైదుసార్లు వస్తోంది, ఒక్కొక్కరికీ విడిగా టైప్ చేసే ఓపిక లేక అన్నీ ఒకచోట రాస్తున్నాను. కాస్త పొడుగే. కానీ డబ్బు కట్టే ముందు ఇది మొత్తం చదివి అప్పుడు నాకు ఫోన్ చేయండి, చదవకుండా చేస్తే "చదివారా?" అనే అడుగుతాను, ఏమీ అనుకోవద్దు.

లైట్స్ కచ్చితంగా కనిపిస్తాయా?

కచ్చితంగా అని చెప్పేవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకి డబ్బు కట్టకండి. రెండు జరగాలి: సూర్యుడి వైపు నుంచి సరుకు రావాలి, మన నెత్తి మీద మబ్బు ఉండకూడదు. మొదటిది ఉత్తర స్కాండినేవియాలో దాదాపు రోజూ ఎంతో కొంత ఉంటుంది. దెబ్బ కొట్టేది రెండోదే. రెండేళ్ళ క్రితం వెళ్ళిన గ్రూప్‌కి నార్వేలోని ట్రోమ్సోలో నాలుగు రాత్రులూ మబ్బే, రెండు రాత్రులు బస్సులో ఫిన్లాండ్ సరిహద్దు దాకా వెంటాడినా సన్నటి చార కూడా కనపడలేదు. అంతకుముందు స్వీడన్‌లోని అబిస్కోలో ఒకే ఒక్క రాత్రి, 40 నిమిషాలు, ఆకాశం మొత్తం కదిలిపోయింది. "రేపు చూద్దాంలే" అని ఆ రాత్రి పడుకున్న ముగ్గురు ట్రిప్ మొత్తంలో ఏమీ చూడకుండా ఇంటికి వచ్చారు. వాళ్ళలో ఒకాయన ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడరు.

కాబట్టి లైట్స్ ఒక్కటే చూడ్డానికి వచ్చి, అవి రాకపోతే డబ్బు దండగ అనుకునేవాళ్ళకి ఈ ట్రిప్ సరిపడదు. ఇది మొహమాటం లేకుండా ముందే చెప్తున్నాను.

మరి మీరు చేసేదేముంది?

రాత్రులు పెంచడం, చోటు మార్చడం. అంతే. ఒకే ఊళ్ళో మూడు రాత్రులుండి వచ్చేసే ప్యాకేజీలు చౌకగా వస్తాయి కానీ, ఆ మూడు రోజులూ ఆ ఊరి మీద మబ్బు పట్టిందంటే కథ అక్కడితో ముగిసినట్టే. మనది మొత్తం పది రాత్రులు: హెల్సింకీ 1, రొవానియెమి 2, కిరునా 1, అబిస్కో 2, ట్రోమ్సో 4. హెల్సింకీని లెక్కలోంచి తీసేస్తే, ఆర్కిటిక్ వలయం దగ్గర, దానికి పైన తొమ్మిది రాత్రులు, మూడు దేశాలు (ఫిన్లాండ్, స్వీడన్, నార్వే), మూడు రకాల వాతావరణం.

వాతావరణం తేడా ఎందుకంటే, ట్రోమ్సో సముద్రం ఒడ్డున ఉంది, అట్లాంటిక్ నుంచి వెచ్చటి నీళ్ళు వస్తాయి కాబట్టి చలి తక్కువ, మబ్బులు ఎక్కువ. అబిస్కో కొండలకి అవతల పక్క. సముద్రం నుంచి వచ్చే తేమని నార్వే వైపు కొండలే పిండేసుకుంటాయి, ఇటు వచ్చేసరికి గాలి పొడిగా అయిపోతుంది. ఏడాది మొత్తానికి అక్కడ పడే వాన, మంచు కలిపి సుమారు 300 మిల్లీమీటర్లు, అంటే మన అనంతపురం కన్నా బాగా తక్కువ. టోర్నెట్రాస్క్ అని 70 కిలోమీటర్ల పొడవున్న సరస్సు ఉంది, చుట్టూ మబ్బున్నా దాని మీద ఆకాశం చిల్లు పడినట్టు తెరుచుకుని ఉండటం అక్కడివాళ్ళు తరచుగా చూస్తారు, దాన్ని 'బ్లూ హోల్' అంటారు. నాకు ఈ ట్రిప్‌లో అన్నిటికన్నా నమ్మకం ఉన్న రెండు రాత్రులు అవే.

రూట్ ఎలా?

హైదరాబాద్ నుంచి గల్ఫ్ మీదుగా హెల్సింకీ, అక్కడి నుంచి రాత్రి రైల్లో రొవానియెమి. విమానమైతే గంటన్నరలోపే, కానీ ఆ స్లీపర్ రైలు ఒక అనుభవం, పొద్దున్న లేచి కిటికీ తెర తీస్తే బయట తెల్లటి మంచులో స్ప్రూస్, పైన్ చెట్లు తప్ప ఇంకేమీ ఉండదు. రైల్లో గడిపే రాత్రే లెక్కలో హెల్సింకీ రాత్రి. రొవానియెమి నుంచి బస్సులో స్వీడన్‌లోని కిరునాకి. ఇది అయిదారు గంటల ప్రయాణం, విసుగ్గా ఉంటుంది, పాటలు డౌన్‌లోడ్ చేసుకోండి. కిరునా నుంచి అబిస్కోకి, తర్వాత నార్విక్‌కి రైలు. ఇనుప ఖనిజాన్ని సముద్రానికి చేర్చడానికి వేసిన లైను అది, ఇప్పటికీ ఖనిజం రైళ్ళు మనకి ఎదురు వస్తుంటాయి, నార్విక్ దగ్గరికొచ్చేసరికి కొండ అంచు మీంచి కింద ఫ్యోర్డ్ (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) కనిపిస్తుంది, కుడివైపు కూర్చోండి. నార్విక్ నుంచి ట్రోమ్సోకి నాలుగు గంటల పైన బస్సు. తిరుగు ప్రయాణం ఓస్లో మీదుగా.

కిరునా గురించి ఒక మాట. ఊరి కింద గని తవ్వుకుంటూ పోవడంతో నేల కుంగి, ఊరి నడిబొడ్డునే మూడు కిలోమీటర్లు తూర్పుకి జరుపుతున్నారు. 1912లో కట్టిన చెక్క చర్చిని, 672 టన్నుల బరువుది, 2025 ఆగస్టులో ట్రాలీల మీద ఎక్కించి రెండు రోజుల్లో అయిదు కిలోమీటర్లు లాక్కెళ్ళి కొత్త చోట పెట్టారు. పోలవరం, శ్రీశైలం ముంపు గ్రామాల సంగతి తెలిసినవాళ్ళకి ఊరు కదిలించడమంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు. ఆ చర్చి చూడ్డానికి ఒక పూట పెట్టాను, ఎవరు వద్దన్నా తీసేయను.

అసలు ఈ వెలుగు ఏంటి, సింపుల్‌గా చెప్తారా?

సూర్యుడి నుంచి విద్యుదావేశం ఉన్న కణాల గాలి నిరంతరం వీస్తూ ఉంటుంది. భూమికి ఉన్న అయస్కాంత క్షేత్రం దాన్ని చాలావరకు పక్కకి తోసేస్తుంది, ఆ తోపులాటలో చేరిన శక్తితో ఎలక్ట్రాన్లు ధ్రువాల వైపు కిందికి దూసుకొచ్చి పైన వాతావరణంలోని అణువులను ఢీకొడతాయి. అవి వెలుగుతాయి. సుమారు 100 నుంచి 200 కిలోమీటర్ల ఎత్తులో ఆక్సిజన్ ఆకుపచ్చ, ఇంకా పైన అదే ఆక్సిజన్ ఎరుపు, బాగా కింద అంచున నైట్రోజన్ వల్ల ఊదా, గులాబీ. ట్యూబ్‌లైట్ ఎలా వెలుగుతుందో ఇదీ ఇంచుమించు అలాంటిదే, ఆకాశమంత ట్యూబ్‌లైట్.

2024 మే 10 రాత్రి పెద్ద సౌర తుఫాను వచ్చినప్పుడు లదాఖ్‌లోని హాన్లేలో కెమెరాలకి ఎర్రటి వెలుగు చిక్కింది, పేపర్లలో చూసే ఉంటారు. ఎరుపే ఎందుకంటే, అంత దక్షిణం నుంచి చూస్తే బాగా ఎత్తులో ఉండే ఎర్ర భాగం మాత్రమే దిగంతం మీదకి తేలుతుంది, పచ్చది భూమి వంపు వెనక ఉండిపోతుంది. "అయితే లదాఖ్ వెళ్తే సరిపోతుంది కదా సార్" అని అడిగారు ఒకరు. వెళ్ళండి, అలాంటి తుఫాను కోసం ఎన్నేళ్ళు కూర్చోవాలో చూసుకోండి.

సోలార్ మాక్సిమమ్ అయిపోయిందట కదా, ఇప్పుడెళ్ళి లాభమేంటి?

సూర్యుడి పదకొండేళ్ళ చక్రంలో ప్రస్తుతం నడుస్తున్న 25వది గరిష్ఠ దశకి చేరిందని నాసా, అమెరికా వాతావరణ సంస్థ నోవా 2024 అక్టోబర్‌లో ప్రకటించాయి. దాని అర్థం తర్వాతి రోజు స్విచ్ కట్టేస్తారని కాదు. గరిష్ఠం దాటాక కూడా కొన్నేళ్ళు సూర్యుడి మీద కరోనల్ హోల్స్ అనే చోట్ల నుంచి వేగంగా గాలి వస్తుంది, సూర్యుడు సుమారు 27 రోజులకోసారి తిరిగొచ్చినప్పుడల్లా అదే హోల్ మళ్ళీ మన వైపుకి తిరుగుతుంది. పైగా మనం వెళ్ళేది అరోరా, అంటే ఈ లైట్స్, రోజూ ఉండే వలయం కిందకే. మాక్సిమమ్ బాగా ఉపయోగపడేది లండన్‌లో, లదాఖ్‌లో కూర్చున్నవాళ్ళకి.

యాప్‌లో కేపీ 2 అని చూపిస్తోంది, ఆరు దాటితేనే వస్తుందంటున్నారు?

యూట్యూబ్‌లో విన్న సగం మాట అది. కేపీ అంటే 0 నుంచి 9 దాకా ఉండే కొలత, అరోరా వలయం ఎంత దక్షిణానికి ఉబ్బిందో దాన్ని బట్టి తెలుస్తుంది. ట్రోమ్సో, అబిస్కో ఎప్పుడూ వలయం కిందే కాబట్టి 1, 2 ఉన్నా చాలు. రొవానియెమిలో 3 ఉంటే నాకు ధైర్యం. కేపీ మూడు గంటలకోసారి లెక్కకట్టే అంకె, ఈ నిమిషంలో బయటికి రావాలా వద్దా అన్నది అది చెప్పదు. నేను చూసేది బీజెడ్. సౌర గాలితో వచ్చే అయస్కాంత క్షేత్రం దక్షిణం వైపు తిరిగితే, అంటే అంకె మైనస్‌లోకి వెళ్తే, తలుపు తెరుచుకున్నట్టు. భూమికి 15 లక్షల కిలోమీటర్ల అవతల ఉన్న ఉపగ్రహాలు దీన్ని కొలుస్తాయి, అంటే మనకి అరగంట నుంచి గంట ముందు తెలుస్తుంది, కోటు వేసుకోడానికి సరిపోతుంది.

మబ్బులకి నార్వేవాళ్ళ వైఆర్ యాప్ వాడతాను. ఒక హెచ్చరిక: గ్రూప్‌లో పదిహేను మంది పదిహేను యాప్‌లు పెట్టుకుని ఒకరికొకరు స్క్రీన్‌షాట్లు పంపుకుంటే అందరికీ టెన్షన్ తప్ప ఏమీ ఉండదు. ఆకాశం వైపు చూడండి.

డిసెంబర్‌లో పిల్లలకి సెలవులు, అప్పుడెందుకు వెళ్ళం?

క్రిస్మస్ సమయంలో రొవానియెమిలో గదుల ధర వింటే తల తిరుగుతుంది, అదొక కారణం. రెండోది, నవంబర్ ఆఖరు నుంచి జనవరి సగం దాకా ట్రోమ్సోలో సూర్యుడు ఉదయించడు. పూర్తి చీకటి కాదు, మధ్యాహ్నం కొన్ని గంటలు నీలంగా వెలుతురు ఉంటుంది, అది అందమే. కానీ మూడో రోజుకే మనవాళ్ళకి దిగులు పట్టుకుంటుంది, చూశాను. జనవరి 21న సూర్యుడు తిరిగొచ్చాడని ఆ ఊరివాళ్ళు బన్నులు తిని పండగ చేసుకుంటారు. ఫిబ్రవరి ఆఖరుకి పగలు దాదాపు తొమ్మిది గంటలు, పగలు తిరగొచ్చు, రాత్రి ఏడున్నర నుంచి చీకటే. మార్చి విషువత్తు (పగలు, రాత్రి సమానమయ్యే రోజు) దగ్గరపడే కొద్దీ అయస్కాంత అలజడి కూడా కాస్త ఎక్కువ. పోగొట్టుకునేది ఒక్కటి: తిమింగలాలు. హెర్రింగ్ చేపల వెంట అవి షెర్వోయ్ వైపు వచ్చేది నవంబర్ నుంచి జనవరి దాకానే.

ఫోటోల్లో ఉన్నట్టే పచ్చగా కనిపిస్తాయా?

ఈ ప్రశ్న అడిగినవాళ్ళకి దణ్ణం. బలంగా వచ్చినప్పుడు పచ్చగానే కనిపిస్తుంది, అంచున గులాబీ కూడా, నిలబడ్డ చోట మంచు మీద పచ్చటి ఛాయ పడుతుంది. బలహీనంగా ఉన్నప్పుడు మన కంటికి అది బూడిద రంగు పల్చటి మబ్బులా ఉంటుంది, ఎందుకంటే తక్కువ వెలుతురులో మన కళ్ళు రంగు సరిగ్గా పట్టలేవు, కెమెరా పది సెకన్లు తెరిచి ఉంచుతుంది కాబట్టి పట్టేస్తుంది. మొదటిసారి చూసినవాళ్ళు చాలామంది "ఇదేనా?" అంటారు. ఇరవై నిమిషాలు ఫోన్ చూడకుండా చీకట్లో నిలబడండి, కళ్ళు అలవాటు పడతాయి. ఫోటోకి ఎప్పటికీ చిక్కనిది ఒకటుంది, దాని కదలిక. గాలికి ఆరేసిన చీర కొంగు ఊగినట్టు ఊగుతుంది, ఒక్కోసారి నెత్తి మీదే విచ్చుకుని నాలుగు వైపులా పారుతుంది. ఫిన్నిష్‌లో దీన్ని నక్క మంటలు అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు, నక్క తోకతో మంచుని చిమ్మితే రేగిన నిప్పురవ్వలట.

చలికి తట్టుకోగలమా? ఏం కొనాలి?

లంబసింగిలో చలి కాచుకున్న అనుభవం ఇక్కడ పనికిరాదు. ట్రోమ్సోలో మైనస్ 4, 5 మామూలు. రొవానియెమి, కిరునాల్లో మైనస్ 10 నుంచి 15, ఒక్కోసారి మైనస్ 30 కూడా. గాలి తోడైతే వేరే సంగతి: మైనస్ 10కి గంటకి 30 కిలోమీటర్ల గాలి కలిస్తే ఒంటికి మైనస్ 20 లాగా తగులుతుంది.

ఒక పెద్ద జాకెట్ కన్నా మూడు పొరలు మేలు. లోపల ఉన్ని థర్మల్స్, మెరినో అయితే బాగుంటుంది. మధ్యలో ఫ్లీస్ లేదా స్వెటర్. పైన గాలి దూరని జాకెట్, ప్యాంటు. కాటన్ బనియన్ వద్దు, వద్దు, వద్దు. చెమట పీల్చుకుని తడిగా ఉండిపోతుంది, ఆగిన పది నిమిషాల్లో వణుకు మొదలవుతుంది. జీన్స్ కూడా అంతే. బూట్లు ఒక సైజు పెద్దవి తీసుకోండి, రెండు జతల సాక్స్ బిగించి తొడిగితే రక్తం ఆడక ఇంకా చల్లబడతాయి, వేళ్ళు లోపల కదలాలి. చేతులకి పల్చటి గ్లవ్స్, వాటి మీద వేళ్ళు కలిసి ఉండే మందపాటివి. మన మంకీ క్యాప్ గురించి సిగ్గుపడకండి, అక్కడ దానంత మంచి వస్తువు లేదు.

పెద్ద జాకెట్లు, బూట్లు కొనాల్సిన పని లేదు, రాత్రి వేటకి (లైట్స్ కోసం బస్సులో వెంటాడటానికి), కుక్కల బండికి వెళ్ళినప్పుడు అక్కడివాళ్ళే పైనుంచి కింద దాకా సూట్ ఇస్తారు. మీరు కొనాల్సింది థర్మల్స్, సాక్స్, గ్లవ్స్, ఇంకా బూట్లకి కింద తగిలించుకునే ముళ్ళ పట్టీలు. ట్రోమ్సో వీధుల్లో మంచు కరిగి మళ్ళీ గడ్డకట్టి అద్దంలా ఉంటుంది. మా గ్రూపుల్లో జరిగిన దెబ్బలన్నీ హోటల్ ముందు జారిపడటం వల్లే, ఒక్కటి కూడా అడవిలో కాదు.

చీర కట్టుకుని ఫోటో దిగొచ్చా? దిగొచ్చు, లోపల రెండు జతల థర్మల్స్ వేసుకుని, అయిదు నిమిషాలు. ఏటా ఇద్దరు ముగ్గురు దిగుతూనే ఉన్నారు.

వీసా?

మూడూ షెంగెన్ దేశాలే, ఒక్క వీసా చాలు. ఎక్కువ రాత్రులు నార్వేలో కాబట్టి నార్వేకి అప్లై చేస్తాం. ఫీజు పెద్దలకి 90 యూరోలు, వీసా సెంటర్ ఛార్జీ అదనం, రిజెక్ట్ అయినా వెనక్కి రాదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, చట్టం ప్రకారం కనీసం 15 రోజుల ముందు అంటారు కానీ మన గ్రూప్‌కి గడువు నవంబర్ ఆఖరు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో అప్లై చేసే వారం ముందు ఉన్నట్టుండి పెద్ద మొత్తం తెచ్చి వేయకండి, ఎవరో బావగారి దగ్గర చేబదులు తెచ్చిన డబ్బు అని వాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది.

2025 అక్టోబర్ నుంచి సరిహద్దులో పాస్‌పోర్టు ముద్రల బదులు వేలిముద్రలు, ఫోటో తీసుకునే కొత్త పద్ధతి మొదలైంది, అందుకే దిగిన చోట క్యూ ఎక్కువ, కనెక్షన్‌కి నేను మూడు గంటలు వదులుతున్నాను.

అమెరికాలో ఉంటున్నాం, అక్కడి నుంచి కలవొచ్చా?

కలవొచ్చు, హెల్సింకీలో కలవండి. కానీ ఇండియన్ పాస్‌పోర్టు ఉంటే హెచ్1బీ అయినా, గ్రీన్ కార్డ్ అయినా షెంగెన్ వీసా కావాల్సిందే. గ్రీన్ కార్డ్ ఉంటే అక్కర్లేదని అనుకుని వచ్చిన ఒక దంపతులు ఎయిర్‌పోర్ట్‌లోనే ఆగిపోయారు. అమెరికన్ పాస్‌పోర్టు ఉంటే వీసా గొడవ లేదు. అమ్మానాన్నలు హైదరాబాద్ నుంచి, పిల్లలు డల్లాస్ నుంచి వచ్చి కలిసే కుటుంబాలు మా గ్రూపుల్లో ఎక్కువే, వాళ్ళకి పక్క పక్క గదులు ఇప్పిస్తాను, ముందే చెప్పండి.

తిండి సంగతి?

అన్నిటికన్నా ఎక్కువ ఫోన్లు దీని గురించే. శాకాహారులు బతకగలరు, కానీ రుచి ఆశించకండి. హోటల్ టిఫిన్‌లో బ్రెడ్డు, చీజ్, పెరుగు, పళ్ళు, ఓట్స్ జావ, ఉడికించిన బంగాళాదుంపలు ఉంటాయి. మధ్యాహ్నం సూప్, పిజ్జా. అబిస్కోలో కొట్టు ఒక్కటే, చిన్నది, కిరునాలోనే కొనుక్కుని వెళ్ళాలి. ట్రోమ్సోలో అపార్ట్‌మెంట్లు తీసుకుంటున్నాం, వంటగది ఉంటుంది, సూపర్‌మార్కెట్‌లో బియ్యం, పప్పు, పెరుగు, కూరగాయలు అన్నీ దొరుకుతాయి. నేను చిన్న రైస్ కుక్కర్ తెస్తాను. పప్పన్నం బాధ్యత నాది, గిన్నెలు కడిగే బాధ్యత మీది.

ఇంటి నుంచి ఏం తేవచ్చు అంటే, ఇది జాగ్రత్తగా చదవండి. యూరప్ బయటి నుంచి మాంసం, పాల పదార్థాలు తీసుకురాకూడదు. అంటే చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా వద్దు. పచ్చి కరివేపాకు, పచ్చిమిర్చి కూడా వద్దు. ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి, నల్లకారం, జంతికలు, చెగోడీలు తెచ్చుకోవచ్చు. పచ్చడి సీసాని మూడు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి చెకిన్ బ్యాగులో పెట్టండి. ఒకరి సూట్‌కేసులో ఆవకాయ నూనె కారి ఉన్ని థర్మల్స్ అన్నీ ఎర్రబారాయి, పది రోజులూ ఆ వాసనతోనే తిరిగారు, హస్కీ కుక్కలకి మాత్రం ఆయనంటే విపరీతమైన ఇష్టం పుట్టింది.

మాంసాహారులకి రెయిన్‌డీర్ మాంసం, సాల్మన్, కాడ్. మందు కావాలనేవాళ్ళకి: స్వీడన్, నార్వే, ఫిన్లాండ్‌లలో వైన్, విస్కీలు అమ్మేది ప్రభుత్వ దుకాణాలే, సాయంత్రం తొందరగా మూసేస్తారు, ఆదివారం తెరవరు. ఎక్కువ తాగితే ఒళ్ళు వేడెక్కినట్టు అనిపిస్తుంది గానీ నిజానికి వేడి పోగొట్టుకుంటుంది, రాత్రి వేటకి తాగి రావద్దు.

మా అమ్మగారికి 68 ఏళ్ళు, తీసుకురావచ్చా?

ఆమె అరగంట ఆగకుండా నడవగలిగితే, బాత్‌టబ్ అంచు దాటగలిగితే, తీసుకురండి. ఇంతవరకు వచ్చినవాళ్ళలో ఎక్కువ వయసు 74, ఆవిడే రాత్రి రెండు దాకా మెలకువగా ఉన్నారు. ఉబ్బసం ఉంటే చల్లగాలికి ఎక్కువవుతుంది, ఇన్హేలర్ జేబులో ఉండాలి, మూతికి మఫ్లర్. గుండె జబ్బు ఉంటే డాక్టర్‌ని అడిగి, ఆయన రాసిచ్చిన కాగితం తెచ్చుకోండి. ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు, లోపలి జేబులో ఒంటికి ఆనుకుని పెట్టుకోవాలి, గ్లూకోమీటర్ కూడా బాగా చలిలో పనిచేయదు. గర్భిణులకి స్నోమొబైల్, కుక్కల బండి వద్దు, కుదుపులు ఎక్కువ. పిల్లలు ఎనిమిదేళ్ళు పైబడితేనే, ఇది నా రూలు, చలి వల్ల కాదు, అర్ధరాత్రి లేపితే ఏడుస్తారని.

ఐస్ హోటల్‌లో పడుకుంటామా?

చూస్తాం, పడుకోం. కిరునా పక్కన యుక్కస్‌యార్విలో ఉంది, టోర్నె నది ఐసుతో 1989 నుంచి ఏటా చలికాలం కట్టి, వేసవికి నదిలోకి కరగనిస్తారు. లోపల మైనస్ 5 నుంచి 8, రెయిన్‌డీర్ తోళ్ళ మీద స్లీపింగ్ బ్యాగులో పడుకోవాలి, బాత్రూమ్ పక్క బిల్డింగ్‌లో. అర్ధరాత్రి బాత్రూమ్‌కి లేచే వయసులో ఉన్నవాళ్ళం మనలో సగం మంది. సరదా పడేవాళ్ళు విడిగా బుక్ చేసుకోండి, అడ్డు చెప్పను.

రెయిన్‌డీర్, కుక్కల బండ్లు, సామీ ప్రజలు?

ఆ నేల సామీలది, వాళ్ళు అక్కడి మూలవాసులు. 'లాప్' అనే పాత మాటని వాళ్ళు తిట్టుగా భావిస్తారు, వాడకండి. మనం వెళ్ళేది ఒక సామీ కుటుంబం నడిపే చోటికి, సినిమా వేషాల షోకి కాదు. రోడ్డు మీద తిరిగే రెయిన్‌డీర్ అడవి జంతువు కాదు, ప్రతి దానికీ యజమాని ఉంటాడు, చెవి మీద కోసిన గుర్తు ఉంటుంది. "మీకు ఎన్ని ఉన్నాయి?" అని మాత్రం అడక్కండి. బ్యాంకులో ఎంతుంది అని అడిగినట్టే. అరోరా కింద ఈల వేయకూడదని వాళ్ళ పెద్దలు చెప్పేవారు, వేస్తే అది కిందికి వచ్చి ఎత్తుకుపోతుందట, రాత్రిపూట ఈల వేస్తే మన అమ్మమ్మలు తిట్టినట్టే అనుకోండి.

కుక్కల బండిలో ఇద్దరు, ఒకరు కూర్చుంటారు, ఒకరు వెనక నిలబడి బ్రేక్ మీద కాలు పెడతారు. ఏం జరిగినా బండి వదలకూడదు, కుక్కలు మన కోసం ఆగవు. స్నోమొబైల్ నడపాలంటే డ్రైవింగ్ లైసెన్స్ ఒరిజినల్ కావాలి.

ఫోటోలు ఎలా తీయాలి?

ఫోన్ అయితే నైట్ మోడ్, చిన్న ట్రైపాడ్, అంతే. కెమెరా అయితే ఫోకస్ మాన్యువల్‌గా నక్షత్రం మీద పెట్టి, ఐఎస్ఓ 1600 నుంచి 3200, ఎపర్చర్ 2.8 లేదా అంతకన్నా తెరిచి, 5 నుంచి 15 సెకన్లు. వేగంగా కదుల్తుంటే టైమ్ తగ్గించండి, లేకపోతే పచ్చటి సాంబారులా వస్తుంది. బ్యాటరీలు చలికి సగం సేపే వస్తాయి, స్పేర్ లోపలి జేబులో. బయటి నుంచి వచ్చాక కెమెరాని వెంటనే బయటికి తీయకుండా జిప్ కవర్లో మూసి రెండు గంటలు ఉంచండి, లేకపోతే లోపల నీరు పడుతుంది. ఫ్లాష్, టార్చ్ వేసినవాళ్ళని గ్రూప్ మొత్తం తిడుతుంది, నేను ఆపను.

డబ్బులో ఏం కలుస్తుంది, ఏం కలవదు?

కలిసేవి: గదులు, రైళ్ళు, బస్సు, పొద్దున టిఫిన్, కుక్కల బండి ఒకసారి, సామీ కుటుంబం దగ్గర ఒక పూట, రాత్రి వేటలు మూడు. కలవనివి: విమానం టికెట్, వీసా, బీమా, మిగతా భోజనాలు, అబిస్కోలో నుఓల్యా కొండ మీదికి లిఫ్ట్ కుర్చీ. ఆ లిఫ్ట్ గాలి ఎక్కువైతే నడపరు, అందుకే ముందు బుక్ చేయను. ఫిన్లాండ్‌లో యూరో, మిగతా రెండు చోట్ల వేర్వేరు క్రోనర్లు, కానీ కార్డు చాలు, నగదు ముట్టుకున్న గుర్తు కూడా లేదు నాకు. నార్వేలో కాఫీ బిల్లుని రూపాయల్లోకి మార్చి చూడకండి, కాఫీ చేదెక్కుతుంది.

చిల్లర సంగతులు?

మన రెండు గుండ్రటి పిన్నుల ఛార్జర్లు అక్కడ పడతాయి. కుళాయి నీళ్ళు నేరుగా తాగొచ్చు, బాటిల్ కొనకండి. యూరప్ మొత్తానికి పనిచేసే ఇ-సిమ్ ఒకటి చాలు. ఫిన్లాండ్ టైమ్ ఇండియా కన్నా మూడున్నర గంటలు వెనక, స్వీడన్, నార్వేలు నాలుగున్నర. సరిహద్దు దాటగానే ఫోన్ గంట వెనక్కి వెళ్తుంది, అలారం పెట్టుకునేటప్పుడు చూసుకోండి. రాత్రి వేటలో పాస్‌పోర్టు వెంట ఉండాలి, ట్రోమ్సోలో మబ్బుంటే కిల్పిస్‌యార్వి దాకా, అంటే ఫిన్లాండ్‌లోకి వెళ్ళిపోతాం.

అడ్వాన్స్ కట్టాక రాలేకపోతే?

వీసా రిజెక్ట్ అయితే గదుల డబ్బులో హోటళ్ళు ఎంత వెనక్కిస్తే అంత ఇస్తాను, నాది నేను తీసుకోను. "ఆఫీసులో లీవు దొరకలేదు" అంటే మీ బదులు ఇంకొకరిని మీరే వెతకాలి. ట్రిప్ రద్దయినా కవర్ చేసే బీమా తీసుకోమని చెప్తే వింటున్నవాళ్ళు తక్కువ.

రాత్రి నిద్రపోతే లేపుతారా?

లేపుతాను. వాట్సాప్‌లో "వచ్చింది" అని ఒక్క మాట పెడతాను, తర్వాత గది ఫోన్, తర్వాత తలుపు. ఎక్కువగా వచ్చేది రాత్రి పది నుంచి రెండు మధ్య, కానీ నమ్మకం లేదు. పడుకునే ముందు వేసుకునే వరసలోనే బట్టలు కుర్చీ మీద పెట్టుకోండి, సాక్స్ పైన, జాకెట్ అడుగున. బూట్లు తలుపు దగ్గర, ఫోన్ ఛార్జింగ్‌లో, సైలెంట్ తీసేసి. మూడుసార్లు కొట్టినా తలుపు తీయకపోతే పక్క గదికి వెళ్ళిపోతాను. మళ్ళీ వెనక్కి రాను, నాకూ చూడాలని ఉంటుంది.